అంటుకుంటే సరిపోదు, లాగాలి

మోటార్ ప్రోటీన్, అంటే కణం లోపల ఇంధనం ఖర్చుపెట్టి కదిలే, లాగే ప్రోటీన్ అనగానే ఇప్పుడు చాలామందికి ఒకటే వీడియో గుర్తొస్తుంది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన గుండ్రటి మూటను నెత్తిన పెట్టుకుని, సన్నటి గొట్టం మీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లిపోయే రెండు కాళ్ల ప్రోటీను. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో అది "మీ మెదడులో సంతోషాన్ని మోసుకెళ్తున్న మయోసిన్" అంటూ తిరుగుతుంటుంది. అందులో ఉన్నది మయోసిన్ కాదు, కైనసిన్. నెత్తిమీద ఉన్నది సంతోషమూ కాదు, కణం లోపల సరుకు నింపి పంపే ఒక చిన్న తిత్తి. నా దగ్గర ల్యాబులో పని నేర్చుకునే ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) పిల్లలు దాన్ని ఫోన్లో చూపించి "మేడమ్, ఇది నిజంగా ఇలాగే నడుస్తుందా?" అని అడుగుతారు.

నడుస్తుంది. 1985లో అమెరికాలో వుడ్స్ హోల్ అనే ఊళ్లో ఉన్న సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో రాన్ వేల్, టామ్ రీస్, మైక్ షీట్జ్ స్క్విడ్ నరంలోంచి దాన్ని పట్టుకున్నారు. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చు. వీడియోలో అంత దర్జాగా నడుస్తుంది గానీ, అసలు కణంలో చుట్టూ నీటి అణువులు కుమ్మేస్తుంటే ఊగిపోతూ, తడబడుతూ వెళ్తుంది. సరే, సినిమా అన్నాక ఆ మాత్రం ఉంటుంది. నా పేచీ వేరే. ఈ ఒక్క వీడియో వల్ల మోటార్ ప్రోటీన్లంటే బరువులు మోసేవి, అంతే, అన్న అభిప్రాయం పాతుకుపోయింది. పాఠ్యపుస్తకాలూ దానికి తగ్గట్టే ఉంటాయి. మోటార్లు ఒక అధ్యాయంలో, కణాలు దేన్నైనా అంటిపెట్టుకుని ఉండడం ఇంకో అధ్యాయంలో. రెండోది చదివేటప్పుడు జిగురు మాట వస్తుంది తప్ప మోటారు ఊసే రాదు.

రోజూ రక్తంతో పని చేసే మనిషిగా నాకు ఈ రెండూ ఒకే అధ్యాయం అనిపిస్తాయి. కణం ఒక చోట గట్టిగా అంటుకుని ఉందంటే లోపల మోటార్లు దాన్ని లాగుతూనే ఉన్నాయని అర్థం. లాగడం ఆగిపోతే ఆ పట్టు ఎక్కువసేపు నిలవదు. ఈ పని చేసే మోటారు ఎక్కడికీ నడిచి వెళ్లదు, ఏ మూటా మొయ్యదు. అందుకే దాని వీడియో ఎవరూ షేర్ చెయ్యరు.

దీన్ని కళ్లతో చూడడానికి ఖరీదైన మైక్రోస్కోపు అక్కర్లేదు. సాదా గాజు టెస్ట్ ట్యూబు చాలు, రక్తం గడ్డకట్టకుండా కలిపే ఈడీటీఏ, సిట్రేట్ లాంటివి ఏమీ లేనిది. అందులో 3 మిల్లీలీటర్ల రక్తం పోసి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టండి. పది నిమిషాలు అటూ ఇటూగా రక్తం గడ్డకడుతుంది. ట్యూబు వంచినా కారదు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. కాసేపటికి గడ్డ పైభాగం అంచుల దగ్గర గాజును వదలడం మొదలుపెడుతుంది. ఆ సందులో లేత పసుపు రంగు సీరం ముందు చుక్కలుగా, తర్వాత సన్నటి పొరగా చేరుతుంది. గంట, రెండు గంటలకు గడ్డ బాగా చిక్కిపోయి, ముదురు ఎరుపులో, అన్నివైపులా గాజుకు దూరంగా జరిగి సీరంలో నిలబడి ఉంటుంది. పోసినదాంట్లో దాదాపు సగం సీరంగా బయటికొచ్చేస్తుంది. దాన్ని ఎవరూ పిండలేదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పలేదు. గడ్డ తనంతట తానే బిగుసుకుంది.

బిగించింది ప్లేట్‌లెట్లు. ఒక్కోటి రెండు మూడు మైక్రాన్ల ముక్క, కేంద్రకం కూడా ఉండదు. గడ్డ అంతటా అల్లుకున్న ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులను అవి పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. ఎలా లాగుతాయో ఫిలడెల్ఫియాలో జాన్ వైజెల్ బృందం 2017లో దగ్గరగా చూసి ప్రచురించింది. ప్లేట్‌లెట్ సన్నటి వేళ్లలాంటి పోగులు చాచి ఫైబ్రిన్‌ను అందుకుంటుంది, దగ్గరికి లాక్కుంటుంది, వదలకుండానే ఇంకో వేలు ముందుకు చాస్తుంది. బావిలోంచి చేద లాగేటప్పుడు ఒక చెయ్యి తాడు పట్టుకుని ఉంటే ఇంకో చెయ్యి ముందుకు వెళ్తుంది చూడండి, అచ్చం అలాగే. లాగిన పోగు వంగి, మడతలు పడి ప్లేట్‌లెట్ చుట్టూ పోగవుతుంది. ఇదే బృందం 2014లో ఇంకో చిత్రమైన సంగతి చెప్పింది. ఇలా బిగుసుకున్న గడ్డ లోపలి భాగాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రరక్తకణాలు పలకలు పలకలుగా, మధ్యలో సందు లేకుండా ఒకదానికొకటి ఒత్తుకుపోయి ఉన్నాయి. అంత ఒత్తిడి ఆ చిన్న ముక్కలు పెట్టగలిగాయన్నమాట.

ఎంత బలమో కొలిచారు కూడా. 2011లో కాలిఫోర్నియాలో ఒక బృందం ఒక్క ప్లేట్‌లెట్‌ను ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌కు ముడిసరుకు) పూసిన రెండు ఉపరితలాల మధ్య పెట్టి ఎంత లాగుతుందో చూసింది. సగటున గరిష్ఠంగా 29 నానోన్యూటన్లు. ఇది ఎంత పెద్ద సంఖ్యో తెలియాలంటే ప్లేట్‌లెట్ బరువుతో పోల్చాలి. లెక్క వేసి చూశాను, అది తన బరువుకు సుమారు 3 లక్షల రెట్లు బలంతో లాగుతోంది. అదే ప్రయోగంలో ఇంకో సంఖ్య ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ప్లేట్‌లెట్ పట్టు 70 నానోన్యూటన్లు దాటినా ఊడలేదు. అంటే ఎంత లాగగలదో దానికి రెట్టింపు కంటే ఎక్కువ పట్టు పెట్టుకుని లాగుతోంది. తన లాగుడుకు తన చెయ్యే ఊడిపోకుండా జాగ్రత్త పడిందన్నమాట.

ఇక లోపలి సరంజామా. ప్లేట్‌లెట్ పొర మీద ఆల్ఫా-2బీ-బీటా-3 అనే ఇంటిగ్రిన్ 80 వేల దాకా ఉంటుంది. బయటివైపు అది ఫైబ్రిన్‌ను పట్టుకుంటుంది. లోపలివైపు దాని తోకను టాలిన్ అనే పొడుగాటి ప్రోటీన్ పట్టుకుంటుంది. టాలిన్ ఇంకో చివర ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగును పట్టుకుంటుంది. ఆ ఆక్టిన్‌ను లాగేదే మన మోటారు, నాన్ మజిల్ మయోసిన్ 2ఏ. కండరాల్లో ఉండే మయోసిన్‌కు దగ్గరి బంధువు. సుమారు 30 మయోసిన్ అణువులు కలిసి 300 నానోమీటర్ల పొడవున్న చిన్న కట్టగా ఏర్పడతాయి. తలలు రెండు చివర్లలోనూ ఉంటాయి, కాబట్టి రెండు వైపుల ఆక్టిన్ పోగులనూ మధ్యలోకి లాగుతుంది. ఒక్కో తల ఇచ్చే బలం ఏవో కొన్ని పికోన్యూటన్లు. 29 నానోన్యూటన్లంటే 29 వేల పికోన్యూటన్లు, వేల తలలు కలిసి పట్టాలి.

చరిత్రలో ఇందులో చెరిసగం వేరువేరుగా దొరికింది, రెండూ స్విట్జర్లాండ్‌లోనే. 1918లో ఎడ్వర్డ్ గ్లాన్జ్‌మన్ అనే పిల్లల డాక్టరు రక్తం ఆగని కొందరు పిల్లల్ని చూశాడు. ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగానే ఉంది, గడ్డ మాత్రం ముడుచుకోవట్లేదు. ప్లేట్‌లెట్లకు బలం లేదనుకుని ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు, థ్రాంబాస్తీనియా అని. 1959లో మోనిక్ బెటెక్స్-గలాండ్, ఎర్న్‌స్ట్ ల్యూషర్ ప్లేట్‌లెట్లలోంచి కండరపు ఆక్టోమయోసిన్ లాంటి ప్రోటీన్‌ను బయటికి తీశారు. కండరం కాని కణంలో కండరపు సామాను ఏంటని అప్పట్లో వింతగా చూశారు. దాంతో గ్లాన్జ్‌మన్ జబ్బు ఈ మోటారుదే అని ఎవరైనా అనుకుంటారు. కానీ 1974లో పారిస్‌లో అలన్ నర్డెన్, జాక్ కాన్ ఆ రోగుల ప్లేట్‌లెట్ పొర మీద ఉండాల్సిన ప్రోటీన్ లేదని కనిపెట్టారు. మోటారు బాగానే ఉంది. పట్టుకునే ఇంటిగ్రిన్ లేదు. పట్టు దొరక్క లాగలేకపోతోంది.

ఈ జబ్బు మనకు దూరంది కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా లోపం ఉన్న జన్యువు వస్తేనే వస్తుంది. కాబట్టి మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న దక్షిణ భారతంలో మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ముక్కు నుంచి రక్తం కారితే ఆగదు, పాలపళ్లు ఊడినప్పుడు ఆగదు, ఆడపిల్లలకు మొదటి నెలసరే ప్రాణం మీదకొస్తుంది. ప్లేట్‌లెట్ కౌంట్ మాత్రం నార్మల్. "రిపోర్ట్ అంతా బానే ఉందమ్మా" అని ఇంటికి పంపేస్తారు.

గ్లాన్జ్‌మన్ జబ్బు ఒక వైపు సాక్ష్యం: పట్టు లేకపోతే మోటారు పనికిరాదు. ఇది ఎవరైనా ఒప్పుకుంటారు. దీనికి తిరగేసిన ప్రశ్నే నాకు ముఖ్యం. పట్టు ఉండి మోటారు లేకపోతే? 2007లో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ బృందం ఎలుకల్లో ప్లేట్‌లెట్లను తయారుచేసే కణాల్లో మాత్రమే మయోసిన్ 2ఏ లేకుండా చేసి చూసింది. ఆ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి చక్కగా అంటుకున్నాయి, లోపలి సరుకును మామూలుగానే విడుదల చేశాయి. ల్యాబులో మనం చేసే అగ్రిగేషన్ పరీక్ష (ప్లేట్‌లెట్లు గుంపుగా అంటుకుంటాయో లేదో చూసేది) చేస్తే పాసైపోతాయి. కానీ ట్యూబులో గడ్డ ముడుచుకోలేదు. తోక కోస్తే రక్తం చాలాసేపు ఆగలేదు. జిగురు పూర్తిగా ఉన్నా రక్తస్రావం ఆగలేదంటే ఇక జిగురు సిద్ధాంతంలో ఏం మిగిలింది?

బయోకెమిస్ట్రీ చెప్పే నా స్నేహితురాలు దీనికి ఒప్పుకోదు. "ముందు అంటుకోవాలి కదే, అంటుకోకుండా దేన్ని లాగుతావ్?" అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. గాజు పలక మీద పాకే కణాల ముందు అంచులో పుట్టే బుల్లి అతుకులు మయోసిన్ పని చేయకపోయినా పుడతాయి. 2003లో బ్లెబిస్టాటిన్ అనే మందు వచ్చింది, మయోసిన్ 2ని ఆపేస్తుంది. అది పోసినా కొత్త అతుకులు పుడుతూనే ఉంటాయి. కానీ పెరగవు. నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో కరిగిపోతాయి. అప్పటికే పెద్దవైన అతుకులు కూడా ఈ మందుతో చెదిరిపోతాయి. తొలి స్పర్శకు మోటారు అక్కర్లేదు, సరే. నిలబడడానికి మాత్రం కావాలి. ఇదే వాదనకు ఆమె ఇంకో ఉదాహరణ తెస్తుంది, డిక్టియోస్టీలియం. మట్టిలో బతికే ఈ అమీబాలో మయోసిన్ 2 లేకుండా చేస్తే 1987లో అందరూ ఆశ్చర్యపోయేలా అది పాకుతూనే ఉంది, రెండుగా విడిపోవడంలోనే తంటాలు పడింది. ఒప్పుకుంటాను. మెత్తగా జారుతూ పోయే అమీబాకు గట్టి పట్టుతో పెద్దగా పని లేదు. రక్తం వేగంగా ప్రవహించే చోట నిలబడాల్సిన ప్లేట్‌లెట్‌కు, లాగుళ్లు తప్పని చర్మానికి ఆ బతుకు సరిపోదు.

పాకే కణాల విషయంలో ఇంకో పాత ప్రయోగం ఉంది. 1980లో ఆల్బర్ట్ హారిస్, ఆయన సహచరులు కణాలను గాజు మీద కాకుండా పల్చటి సిలికోన్ రబ్బరు పొర మీద పెంచారు. కణం పాకుతుంటే కింద పొర ముడతలు పడింది. కణం లాగుతోందని అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత వాళ్లు గమనించిందే అసలు సంగతి. గాయాన్ని మాన్పే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కదలడానికి అవసరమైనదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలంతో లాగుతున్నాయి. చకచకా కదిలే కణాలేమో తక్కువగా లాగుతున్నాయి. లాగేది కదలడానికే అయితే ఇలా తలకిందులుగా ఎందుకుంటుంది? లాగడం వల్లే చుట్టూ ఉన్న కొలాజెన్ పోగులు సర్దుకుంటాయి, గాయం అంచులు దగ్గరవుతాయి. కదలిక అనేది ఈ లాగుడుతో వచ్చే అనేక పనుల్లో ఒకటి.

లాగితే పట్టు ఎందుకు పెరగాలి? మామూలు బుద్ధికి అది వదులవ్వాలి కదా. ఇక్కడే టాలిన్ గొప్పతనం ఉంది. దాని పొడవునా 13 మడతలు ఉంటాయి. ఆ మడతల లోపల విన్‌కులిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి అతుక్కునే చోట్లు దాగి ఉంటాయి. మయోసిన్ లాగితే, వాటిలో మెత్తటిది 5 పికోన్యూటన్ల దగ్గరే విప్పుకుంటుంది, దాగిన చోటు బయటపడుతుంది, విన్‌కులిన్ వచ్చి దాన్ని ఇంకో ఆక్టిన్ పోగుకు కలుపుతుంది. లాగినకొద్దీ ఆసరాలు పెరుగుతాయి. 2009లో ఒక్క టాలిన్ అణువును అయస్కాంతంతో సాగదీసి దీన్ని నేరుగా చూపించిన బృందంలో మైక్ షీట్జ్ ఉన్నాడు. అవును, స్క్విడ్‌లో కైనసిన్‌ను పట్టుకున్న ఆ షీట్జే. మోటారు దగ్గర మొదలుపెట్టిన మనిషి అతుకు దగ్గరికి వచ్చి చేరాడంటే నాకు అది కాకతాళీయం అనిపించదు. అదే ఏడాది అట్లాంటాలో ఇంకో బృందం ఇంటిగ్రిన్‌కూ, కణాల బయట ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌కూ మధ్య బంధాన్ని కొలిచింది. 10 నుంచి 30 పికోన్యూటన్ల మధ్య ఎంత లాగితే అంత ఎక్కువసేపు నిలిచింది. వీటిని క్యాచ్ బాండ్లు అంటారు. మామూలు జిగురు దేనికీ ఈ గుణం ఉండదు.

కణానికీ కణానికీ మధ్య అతుకుల్లో కూడా ఇదే కథ, పాత్రలు వేరు. టాలిన్ స్థానంలో ఆల్ఫా-కటెనిన్, ఇంటిగ్రిన్ స్థానంలో క్యాడ్‌హెరిన్. ఎలుక పిండంలో మయోసిన్ 2ఏ జన్యువును పూర్తిగా తీసేస్తే వారం తిరిగేసరికి పిండం చనిపోతుంది. 2004లో అమెరికాలో ఇది చేసి చూసినప్పుడు ఆ పిండాల కణాలు ఒకదాన్నొకటి సరిగ్గా పట్టుకోలేక విడివడి కనిపించాయి. గుండె కొట్టుకోవడం ఇంకా మొదలుకాని దశ అది. ఆ మోటారుకు అక్కడ మోయాల్సిన మూటలేమీ లేవు.

ఇంత పట్టు ఉంటే కదలడం ఎలా మరి? పట్టు మరీ తక్కువైతే కణం జారుతుంది, మరీ ఎక్కువైతే అక్కడే అతుక్కుపోతుంది. 1997లో ఇల్లినాయ్, మసాచుసెట్స్ శాస్త్రవేత్తలు ఇంటిగ్రిన్ మోతాదునూ, కింద పూత మోతాదునూ మార్చి మార్చి చూస్తే మధ్యస్థంగా అంటుకున్నప్పుడే కణం అన్నిటికంటే వేగంగా పాకింది. అంటే ముందు పట్టుకోవాలి, లాగాలి, వెనక వదలాలి. ఈ వదలడంలోకి మన వీడియో హీరో కైనసిన్ వస్తుంది. 1990ల చివర్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఇరీనా కవెరీనా, విక్టర్ స్మాల్ ఒక వింత గమనించారు. కణం లోపల సూక్ష్మనాళికల (కైనసిన్ నడిచే ఆ సన్నటి గొట్టాల) కొసలు ఎక్కడికో యథాలాపంగా పోవట్లేదు, గురిచూసినట్టు అతుకుల దగ్గరికే వస్తున్నాయి. ఒకే అతుకును పదే పదే తాకి వెళ్తున్నాయి, తాకిన అతుకు చిన్నదవుతోంది, కరుగుతోంది. కైనసిన్‌ను ఆపేస్తే అతుకులు వదులు కాకుండా బాగా బలిసిపోయాయి. మోసుకెళ్లడం దాని పనే, కాదనను. కానీ అతుకుల దగ్గర ఆ మోత దేనికంటే పట్టు సడలించడానికి. మయోసిన్ బిగిస్తుంటే కైనసిన్ దారి వెంట వచ్చి వదులు చేస్తుంది. పట్టులో ఉండే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆ వీడియోలో ఎక్కడా కనిపించదు.

ప్లేట్‌లెట్లు కూడా పాకుతాయని ఈమధ్య దాకా చాలామంది అనుకోలేదు. 2017లో జర్మనీలో మ్యూనిక్ బృందం చూపించింది. నేల మీద ఉన్న ఫైబ్రినోజెన్‌ను పట్టుకుని మయోసిన్ బలంతో లాగి చూస్తాయి. అది ఊడి వస్తే తమ మీదికి లాక్కుంటూ ముందుకు సాగుతాయి, దారిలో ఉన్న బ్యాక్టీరియాను కూడా పోగేసుకుంటాయి. లాగి చూడడమే వాటికి తడిమి చూడడం. రక్తంలో ఊరికే కొట్టుకుపోయే ముక్కలుగా వీటిని దశాబ్దాలపాటు పాఠం చెప్పుకున్నాం.

ఇంత చెప్పాక కౌంట్ గురించి మాట్లాడకపోతే అన్యాయం. వానాకాలం డెంగీ సీజన్‌లో మా ల్యాబు ఫోను మోగిందంటే ఒకటే ప్రశ్న, "కౌంట్ ఎంతండీ?" లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాల్సింది 40 వేలకు దిగితే ఇంటిల్లిపాదికీ టెన్షన్, బొప్పాయి ఆకు రసం, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు. డెంగీలో అసలు ముప్పు రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. దాన్ని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చెబుతుంది. ఆ సంఖ్య ఎవరూ అడగరు. కౌంట్ పనికిరాదని అనను. కానీ అది ఎంతమంది ఉన్నారో చెబుతుంది, ఎంత లాగగలరో చెప్పదు. ఒక్కోసారి ఎంతమంది ఉన్నారో కూడా సరిగ్గా చెప్పదు.

ఒక అమ్మాయి ఫైలు నా దగ్గరికి ఇలాగే వచ్చింది. చిన్నప్పటినుంచీ ప్లేట్‌లెట్లు తక్కువ, ఐటీపీ అని పేరు పెట్టారు. అంటే తన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే వాటిని నాశనం చేస్తోందని. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడింది, మొహం ఉబ్బింది, కౌంట్ మాత్రం కదల్లేదు. ఇప్పుడు ప్లీహం తీసేద్దామన్నారు. మెషీన్ 28 వేలు అంటోంది. నేను స్మియర్ వేసి (గాజు స్లైడ్ మీద రక్తం పల్చగా పరిచి), లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. ఫీల్డులో ప్లేట్‌లెట్లు తక్కువే, కానీ ఉన్నవి దాదాపు ఎర్రకణమంత. కొన్ని అంతకంటే పెద్దవి, ఊదారంగులో, చుక్కలు చుక్కలుగా. మెషీన్ పరిమాణాన్ని బట్టి లెక్కిస్తుంది, ఒక హద్దు దాటినదాన్ని ఎర్రకణాల ఖాతాలో వేసేస్తుంది. చేత్తో లెక్కిస్తే కౌంట్ అంతకంటే బాగా ఎక్కువే. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల వైపు స్లైడ్ జరిపాను. కణద్రవంలో లేత నీలంగా చిన్న మరక, ఒకదాంట్లో కాదు, చాలావాటిలో.

పక్కన కూర్చున్న వాళ్లమ్మను అడిగాను. "అమ్మా, మీకెప్పుడైనా కౌంట్ చూశారా?" ఆవిడ కుడి చెవి నావైపు తిప్పి, "ఏంటండీ?" అంది. మళ్లీ గట్టిగా అడిగితే, "నాకూ తక్కువేనండీ, మా నాన్నక్కూడా. మా వంశంలోనే రక్తం పల్చన" అంది. ఆ చెవి తిప్పడంతో నాకు సగం రిపోర్టు వచ్చేసినట్టయింది. మయోసిన్ 2ఏను తయారుచేసే జన్యువు పేరు ఎం.వై.హెచ్.9. అందులో లోపం ఉంటే పెద్ద ప్లేట్‌లెట్లు, తెల్లకణాల్లో ఆ నీలి మరకలు, కొందరికి వయసుతోపాటు చెవుడు, కిడ్నీ జబ్బు, చిన్న వయసులోనే కంటిలో శుక్లం. ఆ నీలి మరకలు పాడైన మయోసిన్ ముద్దలే. 1909లో మే అనే డాక్టరు, 1945లో హెగ్లిన్ అనే డాక్టరు వర్ణించిన ఈ లక్షణాలకు మూలం ఈ మోటారేనని 2000లో తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు. ఐటీపీ అనుకుని ఇలాంటివాళ్లకు స్టెరాయిడ్లు ఇవ్వడం, ప్లీహం తీసెయ్యడం ప్రపంచమంతా జరుగుతున్నదే. ఆ అమ్మాయికి జన్యుపరీక్ష కూడా అదే చెప్పింది, ఆపరేషన్ ఆగింది.

పెద్ద ప్లేట్‌లెట్ కనిపించిన ప్రతిసారీ ఎం.వై.హెచ్.9 అనెయ్యడం కూడా తప్పే. బెంగాల్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఏ జబ్బూ లేనివాళ్లలో కౌంట్ తక్కువగా, ప్లేట్‌లెట్లు పెద్దగా ఉండడం మామూలే. బెర్నార్డ్-సూలియే అనే ఇంకో జబ్బులో లోపం మోటారులో కాదు, పట్టుకునే ప్రోటీన్‌లో.

మరి మయోసిన్ లోపం ఉంటే ప్లేట్‌లెట్ పెద్దదెందుకవుతుంది? ప్లేట్‌లెట్ పుట్టడమే మోటార్ల పని. ఎముక మజ్జలో మెగాకేరియోసైట్ అనే భారీ కణం పొడుగాటి తోకల్లాంటివి సాగదీసి, వాటి కొసల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ తోకను సాగదీసేది డైనీన్ అనే ఇంకో మోటారు, సూక్ష్మనాళికలను ఒకదానిమీద ఒకటి జరుపుతూ. మయోసిన్ సరిగ్గా పని చెయ్యకపోతే ఆ సాగదీతా, తెంపడమూ గతి తప్పి కొన్నే, పెద్దవి బయటికొస్తాయి. రోజుకు సుమారు 10 వేల కోట్ల ప్లేట్‌లెట్లు తయారుచేసే కార్ఖానా ఇలా నడుస్తోంది. నా వాదనకు ఇబ్బంది కలిగించే విషయం కూడా ఇక్కడే ఉంది, దాచను. ఎం.వై.హెచ్.9 లోపం ఉన్న చాలామందికి రక్తస్రావం అంతగా ఉండదు. ఆ స్ట్రాస్‌బర్గ్ ఎలుకల్లోలా మోటారు పూర్తిగా పోలేదు, రెండో జన్యువు ప్రతి బాగానే ఉంది, సగం మోటార్లతో ఎలాగో నెట్టుకొస్తున్నారు.

పట్టును ఆపే మందులు మన దగ్గర ఉన్నాయి. 1994లో ఆమోదం పొందిన అబ్సిక్సిమాబ్ ఆల్ఫా-2బీ-బీటా-3ని మూసేసేది. ఇప్పుడు అది చాలాచోట్ల దొరకదు, అదే తరహా వేరే మందులు వాడుతున్నారు. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసేటప్పుడు కొన్ని గంటలపాటు గ్లాన్జ్‌మన్ జబ్బును చేతులారా తెచ్చిపెట్టడం లాంటిదే అది. మోటారును తగ్గించే మందు కూడా గుండెకు వచ్చింది. గుండె మయోసిన్‌ను నెమ్మదింపజేసే మావకామ్టెన్‌కు 2022లో అమెరికాలో అనుమతి దొరికింది. దాని వెనక ఉన్నవాళ్లలో జిమ్ స్పూడిచ్ ఒకడు. 1983లో షీట్జ్‌తో కలిసి నీటిపాచి కణంలోని ఆక్టిన్ తీగల మీద మయోసిన్ పూసిన పూసలు పరుగెత్తడం చూపించినవాడు. వేల్, షీట్జ్, స్పూడిచ్ ముగ్గురికీ 2012లో లాస్కర్ అనే పెద్ద వైద్య పరిశోధన బహుమతి వచ్చింది.

ప్లేట్‌లెట్ మోటారుకు మాత్రం మందు లేదు. కావలసిన అవసరం లేక కాదు. 2017లో పక్షవాతం రోగుల రక్తంలో గడ్డ బిగుసుకోవడం బాగా తగ్గిందని తేలింది. బిగుసుకున్న గడ్డేమో కరిగించే మందుకు లొంగదు, కానీ చిక్కిపోతుంది కాబట్టి పక్కనుంచి రక్తం పోవడానికి దారి ఇస్తుంది. ఎవరికి ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు సడలించాలో తెలిసినా ఆ మీట నొక్కడం అంత తేలిక కాదు. గుండెకు తనదంటూ వేరే మయోసిన్ ఉంది. ప్లేట్‌లెట్‌లో ఉన్న మయోసిన్ 2ఏ అలా కాదు. కిడ్నీ వడపోత కణాల్లో, లోపలి చెవిలో, కంటి కటకంలో పట్టు నిలిపేది అదే. దాన్ని ఒంట్లో అన్నిచోట్లా తగ్గిస్తే ఏమవుతుందో ఆ అమ్మాయి వాళ్లమ్మ ఎడమ చెవి ఇప్పటికే చెబుతోంది.